మామియా సిక్స్: లెన్స్ కదలకుండా ఫిల్ము కదిలే యుద్ధకాలపు జపాన్ మడత కెమెరా

నల్లగది (చర్చ ప్రారంభించినవారు):

సభ్యులందరికీ నమస్కారం. పాత సామాన్ల వ్యాపారి ఒకరి వద్ద ఇటీవల నేను కొన్న మడత కెమెరా గురించి ఈ వేదికలోని పెద్దల అభిప్రాయం తెలుసుకోవాలని రాస్తున్నాను. ముందు తలుపు తెరిస్తే తోలుతిత్తితో పాటు లెన్స్ బయటికి వచ్చి నిలుస్తుంది. పైభాగంలో మామియా సిక్స్ అన్న పేరు, లెన్స్ చుట్టూ ఉన్న రింగు మీద కె.ఓ.ఎల్. స్పెషల్, 7.5 సెంటీమీటర్లు, 1:3.5 అన్న అక్షరాలు, షట్టర్ మీద ఎన్.కె.ఎస్. అన్న గుర్తు ఉన్నాయి. ఫ్లాష్ తీగ తగిలించే చోటు ఎక్కడా లేదు. గాజును వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూస్తే తెల్లటి ప్రతిబింబాలే తప్ప నీలం, ఊదా రంగుల మెరుపు కనిపించడం లేదు.

నాకు మూడు సందేహాలు ఉన్నాయి. ఇది జపాన్ సైన్యం వాడిన కెమెరా అని చెప్పి వ్యాపారి ధర పెంచాడు. ఆ మాటలో నిజమెంత? ఇది ఏ సంవత్సరం నాటిది? అన్నిటికన్నా వింతైనది మూడవది. లెన్స్ దగ్గర ఫోకస్ తిప్పే ఏర్పాటు ఏదీ లేదు. వెనక, వ్యూఫైండర్ కన్నుకు దగ్గరలో, బొటనవేలితో తిప్పే ఒక చక్రం ఉంది. దానిని తిప్పితే లెన్స్ కదలడం లేదు. మరి కదులుతున్నది ఏమిటి?

పాతబెలోస్:

నల్లగది గారూ, మూడవ ప్రశ్నకు జవాబు ముందు చెబుతాను, ఎందుకంటే ఈ కెమెరా చరిత్ర అంతా దాని చుట్టూనే తిరుగుతుంది. కదులుతున్నది ఫిల్ము. వెనక తలుపు తెరిచి, లోపలి చతురస్రపు చట్రాన్ని చూస్తూ ఆ చక్రాన్ని తిప్పండి. చట్రం మొత్తం ముందుకూ వెనక్కూ జరగడం కంటికి కనిపిస్తుంది. దూరంలోని కొండను తీయాలంటే ఫిల్ము లెన్స్‌కు దగ్గరగా వస్తుంది, దగ్గరి మనిషిని తీయాలంటే వెనక్కు జరుగుతుంది.

ఈ ఆలోచన మామియా సెయిచీ అనే ఆవిష్కర్తది. డబ్బు సమకూర్చినవారు సుగవారా త్సునెజిరో. వీరిద్దరూ కలిసి 1940 మే నెలలో టోక్యో నగరంలోని హోంగో ప్రాంతంలో మామియా కోకి సేసకుషో అనే సంస్థను స్థాపించి, ఆ ఏడాదే తమ తొలి ఉత్పత్తిగా ఈ కెమెరాను విడుదల చేశారు. తరువాతి కాలంలో స్టూడియోలను ఏలిన ఆర్‌బీ 67 వంటి భారీ కెమెరాల ద్వారా మనవారికి తెలిసిన మామియా సంస్థ పుట్టుక ఈ మడత కెమెరాతోనే జరిగింది. 120 అనే వెడల్పాటి చుట్ట ఫిల్ము మీద ఆరు సెంటీమీటర్ల చతురస్రపు బొమ్మ తీస్తుంది కాబట్టి సిక్స్ అన్నారు.

అప్పటి పరిస్థితిని గమనించండి. చైనాతో యుద్ధం 1937 జూలైలో మొదలైంది. ఆ ఏడాదే విదేశీ సరుకుల దిగుమతిపై ఆంక్షలు వచ్చాయి, కెమెరాలు అత్యవసర వస్తువులు కావు కాబట్టి జర్మనీ నుంచి వచ్చే రోలైఫ్లెక్స్, ఇకోంటా వంటివి జపాన్ దుకాణాల్లో అరుదైపోయాయి. 1938లో జాతీయ సమీకరణ చట్టం పరిశ్రమలన్నిటినీ ప్రభుత్వ నియంత్రణలోకి తెచ్చింది. మామియా సంస్థ పుట్టిన రెండు నెలలకే, 1940 జూలై 7న, విలాస వస్తువుల తయారీనీ అమ్మకాన్నీ అరికట్టే ఉత్తర్వు అమలులోకి వచ్చింది. విలాసాన్ని నేరంగా చూసే కాలంలో, తగిన పెట్టుబడీ సొంత లెన్స్ కర్మాగారమూ లేని ఒక కొత్త సంస్థ, ఫోకస్‌తో రేంజ్‌ఫైండర్ (వస్తువు దూరాన్ని కొలిచే యంత్రాంగం) అనుసంధానం ఉన్న ఖరీదైన మడత కెమెరాతో బజారులోకి దిగడం చిన్న సాహసం కాదు.

మాస్టారు_భౌతికం:

పాతబెలోస్ గారు చరిత్ర చెప్పారు కాబట్టి నేను లెక్క చెబుతాను. కుర్రవాళ్ళకు పాఠాలు చెప్పిన అలవాటు పోలేదు, భరించండి.

75 మిల్లీమీటర్ల లెన్స్ అనంత దూరంలోని వస్తువును 75 మిల్లీమీటర్ల వెనక బొమ్మ కడుతుంది. వస్తువు లెన్స్ నుంచి పది మీటర్ల దూరంలో ఉంటే బొమ్మ మరో 0.57 మిల్లీమీటర్లు, మూడు మీటర్ల దూరంలో ఉంటే దాదాపు 1.9 మిల్లీమీటర్లు, ఒక మీటరు దూరంలో ఉంటే దాదాపు 6.1 మిల్లీమీటర్లు వెనక్కు జరుగుతుంది. అంటే మొత్తం ఫోకస్ వ్యవహారమంతా ఆరు మిల్లీమీటర్ల కదలికలో ముగుస్తుంది. ఈ కదలికను లెన్స్ వైపు ఇవ్వవచ్చు, ఫిల్ము వైపు ఇవ్వవచ్చు. కాంతికి తేడా తెలియదు. ఇతర మడత కెమెరాల కంటే దీని నడుము కాస్త లావుగా అనిపించడానికి కారణం, ఆ చట్రం వెనక్కు జరగడానికి లోపల చోటు విడిచిపెట్టవలసి రావడమే.

మడత కెమెరాలలో ఫోకస్ కోసం రెండు పాత పద్ధతులు ఉండేవి. మొదటిది లెన్స్ మొత్తాన్ని పట్టాల మీద ముందుకు జరపడం. దీనిలో బొమ్మ నాణ్యత చెడదు, కానీ ముడుచుకునే తలుపు మీద పట్టాలు, కీళ్ళు అన్నీ వదులు లేకుండా ఉండాలి. రెండవది లెన్స్‌లోని ముందు గాజును మాత్రమే మరమేకులాగా తిప్పి ముందుకు తేవడం. చవక కెమెరాలన్నీ ఇదే చేశాయి. గాజుల మధ్య దూరం మారుతుంది కాబట్టి, లెన్స్‌ను రూపకల్పన చేసినవాడు సరిచేసి పెట్టిన దోషాలు దగ్గరి దూరాలలో తిరిగి తలెత్తుతాయి.

దానికి రేంజ్‌ఫైండర్‌ను జత చేయాలంటే మరో చిక్కు. దూరం కొలిచే యంత్రాంగం కెమెరా పైభాగంలో ఉంటుంది, ఫోకస్ అయ్యేది తలుపు చివర, తిత్తికి అవతల ఉంటుంది. డ్రెస్డెన్‌లోని జైస్ ఇకాన్ 1934లో సూపర్ ఇకోంటాతో దీనిని దాటింది. లెన్స్ పక్కన మడిచి తెరిచే చేతిలో రెండు చీలిక పట్టకాలను (ఒక అంచు పలుచగా ఉండి వెలుతురును పక్కకు వంచే గాజు ముక్కలను) పెట్టి, ముందు గాజుతో పాటు అవి కూడా తిరిగేలా పళ్ళ చక్రాలు అమర్చింది. గొప్ప పరిష్కారమే, కానీ తయారీకి ఖరీదైనది.

మామియా గారి చట్రం, రేంజ్‌ఫైండర్ ఒకే పెట్టెలో ఉన్నాయి. తిత్తిని దాటి వెళ్ళవలసిన కడ్డీ గానీ పళ్ళ చక్రం గానీ ఒక్కటీ లేదు. తలుపు తెరిచినప్పుడు లెన్స్ ఒకే స్థానంలో గట్టిగా నిలబడితే చాలు, మిగతా లంకె అంతా లోహపు పెట్టె లోపల జరిగిపోతుంది.

గాజుకన్ను:

మాస్టారూ, మీ లెక్కతో నాకు పేచీ లేదు. అయితే ఈ పద్ధతిని ఆకాశానికెత్తే ముందు దాని వెల కూడా చెప్పుకోవాలి. ఫిల్ము అనేది బల్లపరుపుగా, కదలకుండా ఉండవలసిన వస్తువు. దానిని కదిలే చట్రం మీద పెట్టినప్పుడు, రెండు చుట్టల మధ్య ఫిల్ము దారి కూడా ప్రతిసారీ కొద్దిగా మారుతుంది. ఫిల్మును వెనక నుంచి అదిమి పట్టే ప్లేటును ఇతర కెమెరాల్లాగా తలుపుకు బిగించే వీలు లేదు. చట్రంతో పాటు అదీ నడవాలి. అందుకే దానిని విడి ముక్కగా తయారుచేసి, ఫిల్ము ఎక్కించిన ప్రతిసారీ తీసి పెట్టవలసిన బాధ్యతను వాడుకదారు నెత్తిన వేశారు. ఫలితం ఏమైందో ఈ వేదికలో అందరికీ తెలుసు: సంతల్లో దొరికే మామియా సిక్స్‌లలో చాలావాటికి ఆ ప్లేటు ఉండదు. అది లేని కెమెరా అలంకారానికే.

నల్లగది గారూ, మీ దానిలో ప్లేటు ఉందా?

నల్లగది:

తోలు సంచి అడుగున నల్లటి పూత ఉన్న ఒక పలుచని లోహపు ముక్క దొరికింది. వేరే కెమెరాకు చెందినదేమోనని పక్కన పెట్టాను. దానిని చట్రం వెనక అమర్చి చూస్తే సరిగ్గా కూర్చుంది. ఇదేనా?

అదే సంచిలో మడతలు పడి, అంచులు గోధుమ రంగుకు తిరిగిన ఒక కాగితం కూడా ఉంది. జపాన్ అక్షరాలు నాకు రావు. ఒక మూలన గుండ్రటి గీత లోపల ఒకే ఒక అక్షరం ముద్ర వేసి ఉంది. ఫోటో జతచేశాను.

గాజుకన్ను:

అదే. ముందు దానిని భద్రం చేయండి. మిగతా కెమెరా పోయినా మరొకటి దొరుకుతుంది.

నగోయా_నివాసి:

కాగితం చూశాను. సంవత్సరం జపాన్ చక్రవర్తి పాలనా లెక్కలో షోవా 17 అని ఉంది. షోవా అంకెకు 1925 కలిపితే మన లెక్క వస్తుంది కాబట్టి ఇది 1942. గుండ్రటి గీతలోని అక్షరం ప్రభుత్వం నిర్ణయించిన అధికారిక ధరకు గుర్తు. యుద్ధకాలంలో బియ్యం నుంచి సబ్బు దాకా నియంత్రిత ధరకు అమ్మిన వస్తువుల మీద ఈ ముద్ర కనిపిస్తుంది, కెమెరాలకూ ధరల పట్టికలు వచ్చాయి. దుకాణదారు అంతకు మించి తీసుకోకూడదు. అయితే కాగితం అమ్మకానికి సంబంధించినది, తయారీకి కాదు. కెమెరా అంతకు ముందే తయారై అలమారలో ఉండి ఉండవచ్చు కనుక, 1942 లేదా అంతకు కొంచెం ముందు అనడం సబబు.

ఇక సైన్యం సంగతి. అధికారిక ధర ముద్రతో దుకాణంలో అమ్ముడైన వస్తువు పౌరులు కొన్న వస్తువు. దానిని కొన్న మనిషి సైన్యంలో చేరి వెంట తీసుకువెళ్ళి ఉండవచ్చు, ఆ మాట వేరు. సైనిక సరుకు అయితే దాని మీద సాధారణంగా నక్షత్రమో లంగరో వంటి శాఖా చిహ్నం, తనిఖీ ముద్రలు ఉంటాయి. మీ ఫోటోలలో అటువంటివి ఏవీ కనిపించలేదు. పాత జపాన్ కెమెరాలను సైన్యానికి ముడిపెట్టి ధర పెంచడం ఇక్కడ జపాన్‌లోని వ్యాపారులకూ అలవాటే.

సైన్యపు నీడ ఈ కెమెరా మీద మరో విధంగా పడింది. అప్పట్లో జపాన్‌లో మంచి గాజు, మంచి కటక నిపుణులు చాలావరకు రెండు పెద్ద సంస్థల దగ్గర ఉండేవారు. 1917లో స్థాపితమైన నిప్పాన్ కోగకు నౌకాదళానికి, 1932లో స్థాపితమైన టోక్యో కోగకు భూసైన్యానికి దూరదర్శినులు, గురిచూసే పరికరాలు తయారుచేసేవి. ఒకటి నేటి నికాన్, రెండవది టాప్‌కాన్ పేరుతో ప్రసిద్ధి పొందింది. యుద్ధం ముదిరేకొద్దీ బైనాక్యులర్లు, తుపాకీ గురి పరికరాలు, విమాన కెమెరాల కోసం గాజు తరలిపోయింది. పౌర కెమెరాలకు దక్కింది మిగులే.

పాతబెలోస్:

నగోయా నివాసి గారు చెప్పిన దానికి కొనసాగింపు. మామియా సంస్థకు అప్పట్లో సొంత లెన్స్ లేదు, సొంత షట్టర్ లేదు. పెట్టె, చట్రం, రేంజ్‌ఫైండర్ తాము చేసి, లెన్స్‌ను ఇతరుల దగ్గర కొనేవారు. మీ కెమెరా మీద ఉన్న కె.ఓ.ఎల్. వాటిలో ఒకటి. తకచిహో సంస్థ తయారుచేసిన జుయికో లెన్స్‌తో వచ్చిన మామియా సిక్స్‌లూ ఉన్నాయి. తకచిహో అంటే నేటి ఒలింపస్. 1919లో మైక్రోస్కోపుల వంటి పరికరాల కోసం మొదలై, 1936లో సెమీ ఒలింపస్ అనే మడత కెమెరాతో తన జుయికో లెన్స్‌ను పరిచయం చేసింది. ఆ సెమీ ఒలింపస్ ధర 105 యెన్‌లు. ఉద్యోగంలో కొత్తగా చేరినవారి నెల జీతం 75 యెన్‌లు ఉన్న రోజులవి. ఇటువంటి కెమెరాలు ఎవరి చేతుల్లో ఉండేవో దీనిని బట్టి ఊహించవచ్చు.

నా అభిప్రాయం ఇది. ఏ లెన్స్ దొరికితే ఆ లెన్స్ బిగించి అమ్మవలసిన సంస్థకు, ఫోకస్ యంత్రాంగమూ రేంజ్‌ఫైండర్ లంకే లెన్స్‌తో సంబంధం లేకుండా పెట్టె లోపలే ఉండటం పెద్ద వరం. ముందు గాజును తిప్పే పద్ధతిలో ప్రతి లెన్స్ రూపకల్పనకూ మర పిచ్ (ఒక చుట్టుకు గాజు జరిగే దూరం) వేరు, లంకె వేరు. ఇక్కడ ఆ గొడవ లేదు.

గాజుకన్ను:

ఇక్కడ నేను పూర్తిగా ఒప్పుకోలేను. పేరుకు 75 మిల్లీమీటర్లు అని చెక్కినా, తయారైన లెన్స్‌ల నాభ్యంతరం (అనంత దూరపు వస్తువు బొమ్మ కట్టే దూరం) ఒకదానికీ మరొకదానికీ తేడాగా ఉంటుంది, యుద్ధకాలపు తయారీలో ఆ తేడా తక్కువ కాదు. రేంజ్‌ఫైండర్ మీట మాత్రం ఒకే లెక్కకు కోసి ఉంటుంది. లెన్స్ ఎవరిదైనా సరిపోతుందని ఎలా అనగలం?

మాస్టారు_భౌతికం:

మంచి ప్రశ్న. లెక్క వేసి చూద్దాం. ఒక లెన్స్ అసలు నాభ్యంతరం 75 కాకుండా 74.2 అనుకోండి, అంటే ఒక శాతానికి పైగా తేడా. అనంత దూరం దగ్గర ఈ తేడాను లెన్స్ కింద పలుచని రేకులు వేసో తీసో సరిచేస్తారు. అలా సరిచేశాక, ఒక మీటరు దూరంలోని వస్తువుకు కావలసిన కదలిక 6.08 బదులు 5.95 మిల్లీమీటర్లు. తేడా 0.13 మిల్లీమీటర్లు. లెన్స్ ద్వారాన్ని 3.5 వద్ద పూర్తిగా తెరిచి, 0.05 మిల్లీమీటర్ల మసక వృత్తాన్ని (ఫోకస్ తప్పిన చుక్క పరుచుకునే మచ్చను) సహించవచ్చు అనుకుంటే, ఫిల్ము తన చోటి నుంచి అటూ ఇటూ 0.175 మిల్లీమీటర్ల దాకా తప్పినా కంటికి పట్టదు. అంటే అత్యంత దగ్గరి దూరంలో, పూర్తి తెరుపులో కూడా ఈ లోపం హద్దులోపలే ఉంది. రెండు మూడు మీటర్ల దూరంలో దాని ఊసే ఉండదు.

అయితే గాజుకన్ను గారి మాటలో ఒక సగం నిలుస్తుంది. ఈ సౌలభ్యం ఫిల్ము కదలడం వల్ల వచ్చినది కాదు. లెన్స్ మొత్తాన్ని ఒకే ముక్కగా జరిపే ఏ కెమెరాకైనా ఇదే లెక్క వర్తిస్తుంది. మామియా పద్ధతి ఇచ్చిన అదనపు లాభం, ఆ కదలికను బలహీనమైన మడత తలుపు మీద కాకుండా గట్టి పెట్టె లోపల జరపడం.

పై 0.175 అంకెను ప్లేటుకూ అన్వయించండి. ప్లేటు లేకుండా ఫిల్ము అర మిల్లీమీటరు వెనక్కు ఉబ్బినా హద్దు దాదాపు మూడు రెట్లు దాటిపోతుంది. అటువంటి కెమెరాతో తీసిన బొమ్మలు చూసి లెన్స్‌ను నిందించినవారు ఎందరో.

గాజుకన్ను:

సగమైనా నిలిచింది, సంతోషం. లాభం రేంజ్‌ఫైండర్ లంకెలో ఉందనీ, లెన్స్‌ల మార్పిడిలో కాదనీ అంటే నాకు అభ్యంతరం లేదు.

బందరు_ఫోటో:

ఒక చిన్న ఆచరణాత్మక సూచన. మన తీరప్రాంతపు ఉప్పు గాలిలో ఉండేవారు తిత్తిని తప్పక పరీక్షించాలి. చీకటి గదిలో, వెనక తలుపు తీసి, లోపల చిన్న దీపం పెట్టి, తిత్తి మూలలను బయటి నుంచి నెమ్మదిగా చూడండి. నాలుగు మూలల మడతలలోనే మొదట చిల్లులు పడతాయి. సూదిమొన అంత చుక్క వెలిగినా ఫిల్ము మీద పొగలాంటి మచ్చ వస్తుంది. నల్లని అంటుడు రంగుతో తాత్కాలికంగా మూయవచ్చు కానీ పొర మందమైతే కెమెరా సరిగా మూసుకోదు. లెన్స్ లోపల బూజు సాలెగూడులా అల్లుకుని ఉంటే ప్రతిబింబాలను తగ్గించే రంగు పూత లేని గాజు కాబట్టి శుభ్రం చేయడం కొంత సులువు.

మరొక మాట: తలుపు తెరిచిన తరువాతే ఫిల్ము తిప్పుకోండి. తిప్పి, మూసి, మళ్ళీ గబాలున తెరిస్తే తిత్తి గాలిని పీల్చి ఫిల్మును ముందుకు లాగుతుంది.

నల్లగది:

బందరు ఫోటో గారూ, తిత్తిలో రెండు చుక్కలు వెలిగాయి, రెండూ తలుపు వైపు మూలల్లోనే. నగోయా నివాసి గారికి కృతజ్ఞతలు. వ్యాపారికి ఇచ్చిన అదనపు సొమ్ము ఆ కాగితానికి ఇచ్చాననుకుంటాను. 1942 తరువాత ఈ కెమెరాకు ఏమైంది? యుద్ధం ముగిసేదాకా తయారీ సాగిందా?

నగోయా_నివాసి:

కెమెరా తయారైనా దానిలో వేసేందుకు ఫిల్ము ఉండాలి కదా. 1934లో మొదలైన ఫుజీ ఫిల్ము, సాకురా ఫిల్ము తయారుచేసే కొనిషిరోకు వంటి సంస్థలు దేశీయంగా ఫిల్ము చేసేవి, కానీ విమాన ఛాయాచిత్రణ, ఎక్స్‌రే వంటి సైనిక అవసరాలదే మొదటి వంతు. అభిరుచి ఛాయాచిత్రణకు దారులు ఒక్కొక్కటే మూసుకుపోయాయి. పేరున్న పత్రిక అసాహి కెమెరా 1942లో ఆగిపోయి మళ్ళీ 1949లో గానీ వెలువడలేదు. ఓడరేవుల్లో, కోటల దగ్గర కెమెరా తీయడమే అనుమానానికి తావిచ్చే పని. 1945 మార్చి 10 నాటి బాంబు దాడిలో తూర్పు టోక్యో బూడిదైంది. అటువంటి స్థితిలో కెమెరాల తయారీ చివరి దశలో నామమాత్రమే అయింది. యుద్ధకాలపు మామియా సిక్స్‌లు నేడు అరుదుగా కనిపించడానికి తక్కువగా తయారు కావడం ఒక కారణమైతే, ఆ దాడుల్లో ఇళ్ళతో పాటు కాలిపోవడం మరొకటి కావచ్చునని నా ఊహ.

పాతబెలోస్:

యుద్ధానంతరం ఇది మళ్ళీ లేచింది, మునుపటికన్నా బలంగా. తొలి సంవత్సరాలలో మామియా తన సొంత లెన్స్ నియోకాన్‌నూ సొంత షట్టర్ స్టామినానూ కొన్నిటికి బిగించింది. తరువాత జుయికో, ఆ పిమ్మట సెకోర్ లెన్స్‌లు వచ్చాయి. ఆక్రమణలో ఉన్న జపాన్‌లో తయారైనది అన్న ఆంగ్ల ముద్ర ఉన్నవి 1947 నుంచి 1952 మధ్యవి. అమెరికా సైనికులు వాటిని కొని ఇళ్ళకు తీసుకువెళ్ళారు. నల్లగది గారి కెమెరాను వాటితో పోల్చి చూస్తే తేడాలు వెంటనే తెలుస్తాయి: యుద్ధం తరువాతి వాటికి ఫ్లాష్ తీగ తగిలించే చోటు వచ్చింది, లెన్స్ మీద నీలిరంగు పూత వచ్చింది. 1955లో వచ్చిన ఆటోమాట్‌లో ఫిల్ము తిప్పగానే షట్టర్ కూడా సిద్ధమవుతుంది. ఇన్ని మార్పులలోనూ వెనక చక్రం, కదిలే చట్రం, విడి ప్లేటు మాత్రం అలాగే ఉన్నాయి. 1989లో మామియా 6 పేరుతో వచ్చిన కెమెరాకు ఈ యంత్రాంగంతో చుట్టరికం లేదు. అందులో లెన్స్‌లు మార్చుకోవచ్చు, ఫోకస్ లెన్స్ మీదే ఉంటుంది.

మాస్టారు_భౌతికం:

ఫిల్మును కదిలించే ఆలోచన మాత్రం మరో చోట తలెత్తింది. 1996లో క్యోసెరా సంస్థ కాంటాక్స్ ఏఎక్స్ అనే కెమెరాలో ఫిల్ము భాగాన్ని మోటారుతో ముందుకూ వెనక్కూ జరిపి, చేతితో ఫోకస్ చేసే పాత లెన్స్‌లకు ఆటోఫోకస్ ఇచ్చింది. దాని నడుము కూడా లావే, కారణం పైన చెప్పినదే.

నల్లగది గారూ, తిత్తికి అతుకు వేశాక ఫిల్ము వేసే ముందు ఒక పరీక్ష చేయండి. ప్లేటు తీసి, చట్రం మీద ట్రేసింగ్ పేపరును బిగువుగా, ముడత లేకుండా అంటించి, షట్టర్‌ను బల్బ్ (మీట నొక్కినంతసేపూ తెరిచి ఉండే అమరిక) మీద తెరిచి ఉంచండి. వీధి చివర ఉన్న కరెంటు స్తంభం వంటి దూరపు వస్తువు వైపు తిప్పి, రేంజ్‌ఫైండర్‌లో రెండు బొమ్మలు కలిసేలా చక్రం తిప్పాక, కాగితం మీది బొమ్మను భూతద్దంతో చూడండి. తరువాత ఒక మీటరు దూరంలో వార్తాపత్రిక పెట్టి అదే చేయండి. రెండు చోట్లా అక్షరం గీసినట్టు కనిపిస్తే కెమెరా సిద్ధం. దూరం వద్ద తప్పితే లెన్స్ కింది రేకులు, దగ్గర మాత్రమే తప్పితే రేంజ్‌ఫైండర్ మీట చూడవలసి ఉంటుంది; ఆ రెండవ పని మాత్రం ఇంట్లో స్క్రూడ్రైవరుతో చేయకండి.

నల్లగది:

అలాగే మాస్టారూ. ఆదివారం అతుకు ఆరిన తరువాత పరీక్షించి ఫలితం ఇక్కడే రాస్తాను. ట్రేసింగ్ పేపరు గరుకు వైపు లెన్స్ దిక్కుకు ఉండాలా, మన దిక్కుకా?

మాస్టారు_భౌతికం:

లెన్స్ దిక్కుకు. బొమ్మ కట్టేది ఆ గరుకు పొర మీదే, ఫిల్ములో మందు పొర కూర్చునే చోటు అదే.